కైనేజ్‌ని ఆపితే ఇన్‌ఫ్లమేషన్ ఆగుతుందా?

ఇన్‌ఫ్లమేషన్ గురించిన చాలా వ్యాసాల్లో కణంలోని కైనేజ్ అనే ఎంజైమ్‌ని ఒక స్విచ్‌లా చూపిస్తారు. బయటి నుంచి సంకేతం వస్తుంది, కైనేజ్ ఆన్ అవుతుంది, వాపు మొదలవుతుంది. మందు వేస్తే ఆఫ్ అవుతుంది, వాపు తగ్గుతుంది. పాఠ్యపుస్తకంలోని బాణాల బొమ్మ కూడా ఇదే చెబుతుంది. ఈ బొమ్మనే నమ్ముకుని పీ38 అనే కైనేజ్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన మందుల కంపెనీలకు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఒక్క ఆమోదం కూడా దక్కలేదు. మందులు బలహీనంగా ఉండి కాదు. కొన్ని చాలా బలమైనవి.

నా వాదన ఇది. కణంలో ఇన్‌ఫ్లమేషన్‌ని రగిలించే కైనేజులే దాన్ని చల్లార్చే పనినీ మొదలుపెడతాయి, అదీ చాలాసార్లు అదే గంటలో. అందుకే ఫలానా కైనేజ్‌ని ఆపితే ఏమవుతుందని అడిగితే ఒక్క ముక్కలో జవాబు ఉండదు. ఏ కణంలో ఆపారు, ఎంతసేపు ఆపారు, అది ఫాస్ఫేట్ పెట్టే ప్రొటీన్లలో ఏవి రగిలించేవి, ఏవి ఆర్పేవి అన్నది చూడకుండా చెప్పే జవాబు దేనికీ పనికిరాదు.

కైనేజ్ చేసే రసాయన చర్య చిన్నదే. కణానికి శక్తినిచ్చే ఏటీపీలోని చివరి ఫాస్ఫేట్‌ని తీసి మరో ప్రొటీన్‌లోని సెరీన్, త్రియోనిన్ లేదా టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలిస్తుంది. అక్కడ ఒక్కసారిగా ఋణావేశం పెరగడంతో ప్రొటీన్ ఆకారం మారుతుంది, లేదా ఇంకో ప్రొటీన్ వచ్చి పట్టుకోవడానికి కొత్త చోటు ఏర్పడుతుంది. ఫాస్ఫేటేజులు ఆ ఫాస్ఫేట్‌ని ఊడదీస్తాయి. గ్లైకోజెన్‌ని విడగొట్టే ఎంజైమ్ మీద పనిచేస్తూ 1950ల్లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ ఈ సంగతి కనిపెట్టారు. 1992లో వాళ్లకి నోబెల్ వచ్చింది. 2002లో మానవ జీనోమ్‌ని జల్లెడ పట్టి వేసిన లెక్కలో 518 ప్రొటీన్ కైనేజులు తేలాయి. వాటిలో సుమారు 50 కైనేజ్ భాగాలకి ఫాస్ఫేట్‌ని బదిలీ చేయడానికి కావలసిన అమైనో ఆమ్లాలే పూర్తిగా లేవు. వాటిని సూడోకైనేజులంటారు. అవి పనికిమాలినవేమీ కావు, కిందికి వెళ్లాక తెలుస్తుంది.

మొదటి అరగంట

మ్యాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణానికి బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ తగిలిందనుకుందాం. దాన్ని గుర్తించే టీఎల్‌ఆర్4 రిసెప్టార్లు జతకడతాయి. కణం లోపలి వైపు మైడీ88 అనే ప్రొటీన్ వచ్చి చేరుతుంది. 2010లో వెలువడిన స్ఫటిక నిర్మాణంలో ఆరు మైడీ88లు, వాటి మీద నాలుగు ఐరాక్4లు, ఆ పైన నాలుగు ఐరాక్2లు మెలితిరిగిన వరుసలో పేరుకుని కనిపించాయి. ఐరాక్4 ఒక కైనేజ్. దాన్ని ఎవరో బయటి నుంచి వచ్చి మేల్కొలపరు. నాలుగూ ఒకచోట ఇరుక్కోవడంతో ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ పెట్టుకుంటాయి. కైనేజ్ లోకంలో ఇది మళ్లీ మళ్లీ ఎదురయ్యే పద్ధతి: దగ్గరకు చేర్చడమే సంకేతం.

ఆ తర్వాత ట్రాఫ్6 వస్తుంది. ఇది కైనేజ్ కాదు, యుబిక్విటిన్ (ఇతర ప్రొటీన్లకి గుర్తుగా తగిలించే చిన్న ప్రొటీన్) గొలుసులు అల్లే ఎంజైమ్. అది అల్లిన లైసిన్-63 గొలుసులను టాబ్2, టాబ్3 అనే ప్రొటీన్లు పట్టుకుంటాయి. వాటితో పాటు టాక్1 అనే కైనేజ్ కూడా అక్కడికి చేరుతుంది. లూబాక్ అనే మరో ఎంజైమ్ సముదాయం అల్లే సరళ గొలుసులను నెమో అనే ప్రొటీన్ పట్టుకుంటుంది. నెమోకి అతుక్కుని ఐకేకే-ఆల్ఫా, ఐకేకే-బీటా అనే కైనేజులు వస్తాయి. ఇలా టాక్1, ఐకేకే ఒకే చోట కలుస్తాయి. ఐకేకే-బీటాలోని సెరీన్-177, సెరీన్-181 మీద ఫాస్ఫేట్ పడుతుంది, దాంతో అది పనిలోకి దిగుతుంది.

దాని పని చాలా నిర్దిష్టం. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ గుర్తించిన ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే, జన్యువులను నడిపే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ని మామూలు సమయంలో ఐ-కప్పా-బి-ఆల్ఫా అనే ప్రొటీన్ సైటోప్లాజంలో పట్టి ఉంచుతుంది. ఐకేకే-బీటా ఆ కాపలా ప్రొటీన్ మీద సెరీన్-32, సెరీన్-36 దగ్గర ఫాస్ఫేట్ పెడుతుంది. జంట ఫాస్ఫేట్లను చూసి బీటా-టీఆర్‌సీపీ అనే ప్రొటీన్ వచ్చి యుబిక్విటిన్ గొలుసు తగిలిస్తుంది, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాజోమ్ దాన్ని నమిలేస్తుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లిపోతుంది. ఆ రెండు సెరీన్లనూ అలనైన్‌లుగా మార్చిన ఐ-కప్పా-బి-ఆల్ఫాని కణంలో పెడితే, వాపు సంకేతాన్ని మోసే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ని బయట ఎంత పోసినా అది కరగదు. ప్రయోగశాలల్లో దీన్ని సూపర్ రిప్రెసర్ అంటారు. ఇంత పెద్ద ప్రతిస్పందన రెండు ఆక్సిజన్ పరమాణువుల మీద ఆధారపడి ఉందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

గడియారం చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఎల్‌పీఎస్ లేదా టీఎన్‌ఎఫ్ కలిపిన ఐదు నిమిషాలకే ఫాస్ఫేట్ ఉన్న ఐ-కప్పా-బి-ఆల్ఫా కనిపిస్తుంది. పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో ఆ ప్రొటీన్ దాదాపు మాయమవుతుంది. గంట గడిచేసరికి మళ్లీ కనిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చింది? దాని జన్యువుని నడిపేది ఎన్‌ఎఫ్-కప్పా-బీయే. కేంద్రకంలోకి వెళ్లి చేసే తొలి పనుల్లో ఒకటి తన కాపలాదారుని మళ్లీ తయారు చేయించుకోవడం. కొత్త ఐ-కప్పా-బి-ఆల్ఫా కేంద్రకంలోకి వచ్చి దాన్ని బయటికి లాక్కుపోతుంది. ఐకేకే ఇంకా పనిచేస్తూ ఉంటే అది మళ్లీ విరుగుతుంది, మళ్లీ తయారవుతుంది. టీఎన్‌ఎఫ్ ఆగకుండా ఉన్నప్పుడు ఒక్కో కణంలో ఇది సుమారు వంద నిమిషాలకొక ఊపుగా సాగుతుందని 2000ల తొలి ఏళ్లలో చేసిన సూక్ష్మదర్శిని పరిశీలనలు చూపాయి. లక్ష కణాలను కలిపి గ్రైండ్ చేసి చూస్తే ఈ ఊపు కనిపించదు, ఎందుకంటే ఒక్కో కణం ఒక్కో దశలో ఉంటుంది. సగటు లెక్క ఉన్న నిజాన్ని చదును చేసేస్తుంది.

అదే ఎన్‌ఎఫ్-కప్పా-బి ఏ20 అనే ప్రొటీన్‌ని కూడా తయారు చేయిస్తుంది. అది యుబిక్విటిన్ గొలుసుల స్థాయిలోనే సంకేతాన్ని అణుస్తుంది. ఏ20 జన్యువు లేని ఎలుకలు పుట్టిన కొన్ని వారాల్లోనే ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్‌తో చనిపోతాయి. అంటే ఈ బ్రేకులు అలంకారానికి ఉన్నవి కావు.

పీ38: అందరూ తప్పు చదివిన పాఠం

టాక్1 ఒక్క ఐకేకేనే కదిలించదు. ఎంకేకే3, ఎంకేకే6 అనే కైనేజుల ద్వారా పీ38-ఆల్ఫాని కూడా లేపుతుంది. పీ38లో త్రియోనిన్-180, టైరోసిన్-182 రెండిటి మీదా ఫాస్ఫేట్ పడాలి. ఈ కైనేజ్ 1994లో వెలుగులోకి వచ్చిన తీరే దాని తలరాతని రాసింది. టీఎన్‌ఎఫ్, దాని లాంటిదే అయిన ఐఎల్-1 తయారీని ఆపే పిరిడినైల్ ఇమిడజోల్ మందులు దేనికి అతుక్కుంటున్నాయో వెతికితే పీ38 దొరికింది. మందు ముందు, లక్ష్యం తర్వాత. ఇక అందరికీ ఇదే సరైన లక్ష్యమనిపించింది.

అలా అనిపించడంలో తప్పు లేదు. పీ38 కింద ఎంకే2 అనే మరో కైనేజ్ ఉంటుంది. టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో ఏ, యూ అక్షరాలు ఎక్కువగా ఉన్న భాగం ఉంటుంది. ట్రిస్టెట్రాప్రోలిన్ అనే ప్రొటీన్ అక్కడ అతుక్కుని ఆ ఎంఆర్‌ఎన్‌ఏని త్వరగా నాశనం చేయిస్తుంది. ఎలుకల్లో ఈ ప్రొటీన్ లేకపోతే టీఎన్‌ఎఫ్ పెచ్చుమీరి కీళ్లవాపు వస్తుంది, ఒళ్లు చిక్కి శల్యమవుతుంది. ఎంకే2 దాని మీద రెండు చోట్ల, ఎలుక ప్రొటీన్‌లో సెరీన్-52, సెరీన్-178 దగ్గర, ఫాస్ఫేట్ పెడుతుంది. అక్కడ 14-3-3 ప్రొటీన్లు వచ్చి పట్టుకుంటాయి, నాశనం చేసే పని ఆగుతుంది, టీఎన్‌ఎఫ్ పుష్కలంగా తయారవుతుంది. ఎంకే2 లేని ఎలుకలకి ఎల్‌పీఎస్ ఇస్తే టీఎన్‌ఎఫ్ సుమారు 90 శాతం తక్కువగా వస్తుంది. ఇంతవరకూ చూస్తే పీ38ని ఆపడం తెలివైన పనే.

కానీ పీ38 మరో మూడు పనులు కూడా చేస్తుంది. టాబ్1 మీద సెరీన్-423, త్రియోనిన్-431 దగ్గర ఫాస్ఫేట్ పెట్టి తనపైనున్న టాక్1ని తగ్గిస్తుంది. ఎంఎస్‌కే1, ఎంఎస్‌కే2 అనే కైనేజుల ద్వారా డస్ప్1 జన్యువుని నడిపిస్తుంది. డస్ప్1 ఒక ఫాస్ఫేటేజ్, పీ38 మీదా జేఎన్‌కే అనే మరో కైనేజ్ మీదా ఉన్న ఫాస్ఫేట్లను ఊడదీస్తుంది. అదే దారిలో ఐఎల్-10 అనే శాంతింపజేసే సైటోకైన్‌ని (కణాల మధ్య సంకేతం మోసే ప్రొటీన్‌ని) కూడా పెంచుతుంది. ఎంఎస్‌కే1, ఎంఎస్‌కే2 రెండూ లేని ఎలుకల్లో ఎల్‌పీఎస్ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. డస్ప్1 లేనివాటిలోనూ అంతే. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు డస్ప్1ని పెంచుతాయి, వాటి బలంలో కొంత భాగం ఇక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు పీ38ని మందుతో పూర్తిగా ఆపండి. టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా చిరుగుతుంది, బాగుంది. కానీ టాక్1 మీది పగ్గం పోతుంది, ఐకేకే, జేఎన్‌కే ఇంకా గట్టిగా పనిచేస్తాయి. డస్ప్1 తగ్గుతుంది, ఐఎల్-10 తగ్గుతుంది. పామాపిమోడ్, వీఎక్స్-702, ఎస్‌సీఐఓ-469 అనే పీ38 మందుల ట్రయల్స్‌లో రోగుల రక్తంలో వాపుని సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ మొదట్లో చప్పున పడిపోయింది, కొన్ని వారాలు తిరక్కుండానే మందు వాడుతుండగానే తిరిగి పైకి వచ్చింది. కాలేయ ఎంజైములు పెరగడం కూడా ఇబ్బంది పెట్టింది. సీఆర్‌పీ తిరిగి లేవడానికి పైన చెప్పిన బ్రేకులు పోవడమే పూర్తి కారణమని నేను అనను. రోగి శరీరంలో దాన్ని విడిగా నిరూపించడం కష్టం. అయినా మొదట పడి తర్వాత లేచే ఆ గీత, మందు లక్ష్యాన్ని తాకలేదన్న వివరణకి మాత్రం పొసగదు. తాకింది, కణజాలం దారి మార్చుకుంది.

అందుకే ఎంకే2ని ఆపడం పీ38ని ఆపడం కంటే సబబైన ఆలోచన అనిపిస్తుంది నాకు. టాబ్1, ఎంఎస్‌కే దారులు ముట్టుకోకుండా ఉంటాయి. అలాగని అది తేలిక కాదు. ఎంకే2లో ఏటీపీ కూర్చునే గుంట ఇరుకుగా ఉంటుంది, పైగా ఏటీపీని గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి మందు పోటీపడటం కష్టం.

ఐకేకే-బీటా కథ ఇంకా కటువైనది. 1999లో ఆ జన్యువు తీసేసిన ఎలుక పిండాలు పదమూడో రోజు అటూ ఇటూ కాలేయ కణాలు నశించడంతో చనిపోయాయి. టీఎన్‌ఎఫ్ రిసెప్టార్-1ని కూడా తీసేస్తే బతికాయి. ఎన్‌ఎఫ్-కప్పా-బి లేని కాలేయ కణానికి టీఎన్‌ఎఫ్ మరణశాసనం అన్నమాట. చర్మంలో మాత్రమే ఐకేకే-బీటా తీసేస్తే చర్మం వాచింది. పేగు పొరలో నెమో తీసేస్తే పెద్దపేగు వాచింది, ఎందుకంటే పొరలోని కణాలు చచ్చి బ్యాక్టీరియాకి దారి దొరికింది. మ్యాక్రోఫేజుల వంశంలో ఐకేకే-బీటా లేకపోతే ఎల్‌పీఎస్‌కి ఐఎల్-1-బీటా ఎక్కువగా బయటికొచ్చిందని 2007లో తేలింది. వాపుని నడిపించే అసలు కైనేజ్ అని పేరున్నదాన్నో, దానికి తోడుండే నెమోనో తీసేస్తే మూడు చోట్ల మూడు రకాల వాపు!

బల్ల మీద జరిగే పొరపాట్లు

కైనేజ్ గురించి వచ్చే తప్పు నిర్ణయాల్లో సగం బ్లాట్ (ప్రొటీన్లను విడదీసి మెంబ్రేన్ మీద యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) దగ్గరే పుడతాయని నా గట్టి నమ్మకం. కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

ఒకే సమయానికి తీసిన ఒక్క నమూనాతో ఏమీ చెప్పలేం. ఎల్‌పీఎస్ మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు వేసి 0, 5, 15, 30, 60, 120 నిమిషాలకి నమూనాలు తీయాలి. ముప్పయ్యో నిమిషంలో మాత్రమే చూసినవాళ్లకి ఫాస్ఫేట్ ఉన్న ఐ-కప్పా-బి-ఆల్ఫా కనిపించదు. సంకేతం రాలేదని రాసేస్తారు. వచ్చింది, ఆ ప్రొటీనే అరిగిపోయింది. నిలిచి ఉండాలంటే అరగంట ముందు ఎంజీ132ని 10 మైక్రోమోలార్ దగ్గర వేసి ప్రొటియాజోమ్‌ని ఆపాలి. పక్కనే మొత్తం ఐ-కప్పా-బి-ఆల్ఫా బ్లాట్ తప్పనిసరి.

కణాల మీద కొత్త మీడియం పోయడమే పీ38ని లేపుతుంది. పోశాక కనీసం ఒకటి రెండు గంటలు వదిలేసి, అప్పుడు ఎల్‌పీఎస్ వేయాలి. లేకపోతే సున్నా నిమిషం నమూనాలోనే గట్టి బ్యాండ్ ఉంటుంది. ఇంకో ఉచ్చు కల్తీ ఎల్‌పీఎస్. బ్యాక్టీరియాలో తయారుచేసిన రీకాంబినెంట్ ప్రొటీన్‌ని మ్యాక్రోఫేజ్‌ల మీద వేస్తే, ఆ ప్రొటీన్ చేసిన పనో, దాని వెంట వచ్చిన ఎల్‌పీఎస్ చేసిన పనో చూడకుండా చెప్పకూడదు. ప్రొటీన్‌ని మరిగించి ఒకటి, ఎల్‌పీఎస్‌ని పట్టేసే పాలీమిక్సిన్-బి కలిపి ఒకటి నియంత్రణ నమూనాలుగా పెట్టాలి. మరిగిస్తే ప్రొటీన్ చెడుతుంది, ఎల్‌పీఎస్ మాత్రం చాలావరకు నిలుస్తుంది.

కణాలను చీల్చే ద్రావణంలో సోడియం ఫ్లోరైడ్ 50 మిల్లీమోలార్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్ 10 నుంచి 20, సోడియం ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్ ఉండాలి. మొదటి రెండూ సెరీన్, త్రియోనిన్ ఫాస్ఫేటేజుల కోసం, మూడోది టైరోసిన్ వాటి కోసం. వనడేట్‌ని సీసాలోంచి తీసి నేరుగా వాడకూడదు. పీహెచ్ 10కి తెచ్చి, పసుపు రంగు పోయేదాకా మరిగించి, చల్లారాక పీహెచ్ మళ్లీ సరిచూసి, రంగు తిరిగి రాకుండా ఉండేదాకా ఇదే చేయాలి. పసుపుగా ఉందంటే పది వనడేట్లు ముద్దకట్టినట్టు, ఆ ముద్ద కావలసిన పని చేయదు. ఈడీటీఏ, డీటీటీ కూడా వనడేట్ ప్రభావాన్ని తీసేస్తాయి, చాలామంది అదే ద్రావణంలో ఇవీ కలుపుతారు. ఎక్కువ ఆలోచించకుండా కణాల మీదే వేడి ఎస్‌డీఎస్ ద్రావణం పోసేస్తే ఫాస్ఫేటేజులకి వ్యవధే ఉండదు. ఇక మెంబ్రేన్‌ని పాలపొడితో బ్లాక్ చేస్తే కేసీన్ అడ్డం వస్తుంది, అదీ ఫాస్ఫేట్లున్న ప్రొటీనే. 5 శాతం బీఎస్‌ఏ వాడటం మేలు.

మందుతో చేసే ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఒకటుంది. ఎస్‌బీ203580 అనే పీ38 ఇన్‌హిబిటర్ వేసి, ఫాస్ఫేట్ ఉన్న పీ38 బ్యాండ్ తగ్గలేదు కాబట్టి మందు పనిచేయలేదని అనడం. ఆ మందు పీ38 చేసే పనిని ఆపుతుంది, పీ38 మీద ఎంకేకే6 పెట్టే ఫాస్ఫేట్‌ని కాదు. పైగా టాబ్1 పగ్గం పోవడంతో ఆ బ్యాండ్ ఇంకా పెరగవచ్చు కూడా. చూడాల్సింది దాని కింద: ఎంకే2లో త్రియోనిన్-334, ఎంకే2 ఫాస్ఫేట్ పెట్టే హెచ్‌ఎస్‌పీ27 అనే ప్రొటీన్‌లో సెరీన్-82. మోతాదు 10 మైక్రోమోలార్ దాటించడం మాత్రం వద్దు. ఈ మందు కేసీన్ కైనేజ్-1ని, రిప్‌కే2ని కూడా పట్టుకుంటుంది. రిప్‌కే2 స్వయంగా ఎన్‌ఓడీ2 ఇన్‌ఫ్లమేషన్ దారిలోని ప్రొటీన్, కాబట్టి వచ్చిన ఫలితాన్ని పీ38 ఖాతాలో వేయడం అన్యాయం. నిర్మాణంలో పోలిక లేని రెండో మందుతో అదే ఫలితం రావాలి. ఇంకా గట్టి రుజువు కావాలంటే త్రియోనిన్-106ని మెథియోనిన్‌గా మార్చిన పీ38ని కణంలో పెట్టాలి. అది ఎస్‌బీ203580కి లొంగదు. మందు ప్రభావం అక్కడ పోతే, లక్ష్యం నిజంగా పీ38యే.

కేటలాగ్‌లో రాసిన నానోమోలార్ సంఖ్యని నమ్మి కణాల మీద అంతే వేయడం కూడా వృథా. పరీక్ష నాళికలో ఏటీపీ తక్కువగా పెడతారు, కణంలో అది కొన్ని మిల్లీమోలార్లు ఉంటుంది. ఏటీపీతో పోటీపడే మందుకి లెక్క సులువు: దాని అసలు బంధన విలువని, ఒకటికి ఏటీపీ గాఢతని కేఎంతో (కైనేజ్ సగం వేగంతో పనిచేయడానికి కావలసిన ఏటీపీ గాఢతతో) భాగించి కలిపిన మొత్తంతో గుణించాలి. బంధన విలువ 10 నానోమోలార్, కేఎం 20 మైక్రోమోలార్, కణంలో ఏటీపీ 2 మిల్లీమోలార్ అనుకుంటే, సగం పని ఆపడానికే దాదాపు 1 మైక్రోమోలార్ కావాలి. వంద రెట్లు.

జాక్‌లు ఎందుకు నెగ్గాయి

ఇంత చెప్పాక, జాక్ అనే కైనేజులను ఆపే జాక్ ఇన్‌హిబిటర్లు పనిచేస్తున్నాయి కదా అని అడగడం న్యాయమే. పనిచేస్తున్నాయి. టోఫాసిటినిబ్‌కి 2012లో అమెరికాలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఆమోదం వచ్చింది, తర్వాత బారిసిటినిబ్, ఉపడాసిటినిబ్ వచ్చాయి. జాక్‌లు సైటోకైన్ రిసెప్టార్‌కే అతుక్కుని ఉంటాయి. వాటికీ జన్యువుకీ మధ్య స్టాట్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఒక్కటే. ఐఎల్-6 వచ్చినప్పుడు జాక్1 స్టాట్3 మీద టైరోసిన్-705 దగ్గర ఫాస్ఫేట్ పెడుతుంది, అంతే. టాక్1, పీ38ల దగ్గరున్నన్ని అడ్డదారులు అక్కడ లేవు. ఎస్‌ఓసీఎస్3 అనే బ్రేక్ ఉంది గానీ అది పోయినా జాక్ ఆగి ఉన్నంతవరకు పెద్ద నష్టం లేదు.

మూల్యం వేరేచోట చెల్లించాల్సి వస్తుంది. జాక్‌లు నాలుగే, సైటోకైన్లు డజన్ల కొద్దీ. ఎర్రరక్తకణాలను తయారు చేయించే ఎరిత్రోపొయెటిన్ జాక్2 మీద నడుస్తుంది కాబట్టి జాక్2ని గట్టిగా ఆపితే రక్తహీనత. జాక్3 లోపంతో పుట్టిన పిల్లలకి తీవ్రమైన రోగనిరోధక లోపం ఉంటుంది. 50 ఏళ్లు దాటి, గుండెజబ్బు ముప్పు కనీసం ఒకటైనా ఉన్న రోగుల్లో టోఫాసిటినిబ్‌ని టీఎన్‌ఎఫ్ నిరోధకాలతో పోల్చిన ట్రయల్‌లో గుండె సమస్యలు, క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. దాంతో 2021లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీద హెచ్చరికను కఠినం చేసింది.

నాలుగు జాక్‌ల ఏటీపీ గుంటలూ ఒకే పోలికలో ఉండటం ఇక్కడ చిక్కు. డ్యూక్రావాసిటినిబ్ అందుకే నాకు నచ్చిన మందు. అది నాలుగు జాక్‌లలో ఒకటైన టిక్2లోని పనిచేసే కైనేజ్ భాగాన్ని ముట్టుకోదు, పక్కనే ఉన్న సూడోకైనేజ్ భాగంలో కూర్చుని మొత్తం ప్రొటీన్‌ని నిద్రాణస్థితిలో బిగిస్తుంది. ఆ భాగం నాలుగు జాక్‌లలో కొంత వేరువేరుగా ఉంటుంది కాబట్టి ఎంపిక సాధ్యమైంది. 2022లో సోరియాసిస్‌కి ఆమోదం పొందింది.

మరో మాట. కైనేజ్ ప్రొటీన్ ఉండటం, కైనేజ్ పని జరగడం ఒకటి కాదు. రిప్‌కే1 అనే కైనేజ్ జన్యువే లేని ఎలుక పిల్లలు పుట్టిన కొద్ది రోజుల్లో చనిపోతాయి, ఎందుకంటే ఆ ప్రొటీన్ టీఎన్‌ఎఫ్ రిసెప్టార్ దగ్గర మిగతావాటికి ఆధారంగా నిలుస్తుంది. అదే రిప్‌కే1ని ఉంచి దాని ఫాస్ఫేట్ పెట్టే సామర్థ్యం మాత్రమే పోగొడితే ఎలుకలు ఆరోగ్యంగా పెరుగుతాయి, టీఎన్‌ఎఫ్ షాక్‌ని కూడా తట్టుకుంటాయి. ఇది చూసి, ప్రొటీన్‌ని ఉంచి పనిని ఆపడమే ఎప్పుడూ క్షేమమని అనుకోవడానికి లేదు. దాని పక్కనే ఉండే రిప్‌కే3లో లెక్క తలకిందులు. జన్యువు పూర్తిగా తీసేస్తే ఎలుకలు బతుకుతాయి. ఆస్పార్టేట్-161ని ఆస్పరజిన్‌గా మార్చి కైనేజ్ పనిని మాత్రం ఆపితే పిండాలు చనిపోతాయి, ఎందుకంటే ఆ ఆకారంలోని రిప్‌కే3 కాస్పేజ్-8 అనే, కణమరణాన్ని మొదలుపెట్టే ఎంజైమ్‌ని లేపి కణాలను చంపిస్తుంది. కొన్ని రిప్‌కే3 ఇన్‌హిబిటర్లు ఎక్కువ మోతాదులో కణాల మీద సరిగ్గా ఇదే చేశాయి. అందువల్ల కొత్త కైనేజ్ మందు గురించి చదివినప్పుడు నేను మొదట వెతికేది జన్యువు తీసేసిన ఎలుక ఫలితం కాదు. కైనేజ్ పని మాత్రమే పోయిన ఎలుక ఫలితం, అదీ ఏ అమైనో ఆమ్లాన్ని మార్చి చేశారన్న వివరంతో సహా.